పటం వెంట కథ కూడా రావాలి

మ్యూజియంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను మొదట అడిగేది మరమ్మతుల గురించి. నేను మాత్రం ముందుగా వాళ్లను వస్తువుల రిజిస్టరు దగ్గర కూర్చోబెడతాను.

1. వస్తువు గుమ్మం దాటిన రోజే దానికి నంబరు పడాలి. ఎక్కడిది, ఎవరిచ్చారు, కొలతలెంత, ఎక్కడ చిరిగింది, ఎక్కడ రంగు పెచ్చులూడింది, అన్నీ అప్పుడే రాయాలి. ఆ వస్తువు పోయినా దాని నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు. బట్ట మీద పెన్ను పెట్టొద్దు. నంబరు రాసిన నాడా ముక్కను అంచున కుట్టండి.

2. రాసిపెట్టకపోతే ఏమవుతుందో అమరావతి బౌద్ధ స్తూపాన్ని చూసి నేర్చుకోండి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ అక్కడ తవ్వించి, దొరికిన శిల్పాలను మద్రాసుకు పంపించాడు. ఏ పలక స్తూపానికి ఏ వైపున, ఏ వరుసలో ఉండేదో చెప్పే సరైన నక్షా మిగల్లేదు. మద్రాసులో ఆ రాళ్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో చాలావాటిని లండన్‌కు ఓడెక్కించారు. ఇప్పుడు కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఆ చెక్కడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఏ పలక పక్కన ఏది నిలిచేదో పండితులు ఇవాళ్టికీ ఊహించుకోవలసి వస్తోంది. రాళ్లు సముద్రం దాటాయన్న బాధకన్నా నాకు ఈ బాధే ఎక్కువ. రాళ్లను తిరిగి ఇమ్మని అడగొచ్చు. రాయని సంగతిని ఎవరిని అడుగుతాం?

3. కథను బట్ట మీద బొమ్మలుగా గీసిన పాత చేర్యాల పటం వస్తే బొమ్మలు చూసి మురిసిపోయి ఊరుకోకండి. అది ఏ కులపురాణం, ఎవరు చెప్పేవారు, ఏయే ఊళ్లు తిరిగేవారో కనుక్కోండి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ల పటమైతే, ఆ కథకులను పిలిపించి, పటం ముందు కథ చెప్పించి రికార్డు చేయండి. ఆ గొంతు లేకుండా పటాన్ని బీరువాలో పెడితే సగమే సేకరించినట్టు. ఇక దాచడం సంగతి. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆ పటం తయారుచేస్తారు. మడతపెడితే పూత పగులుతుంది, పురుగులు కూడా ఆ పూత కోసమే వస్తాయి. లావుపాటి గొట్టానికి, బొమ్మ బయటి వైపు ఉండేలా వదులుగా చుట్టండి.

4. బట్టకూ కాగితానికీ వెలుగు 50 లక్స్ దాటనివ్వకండి. గది చీకటిగా ఉందని సందర్శకులు విసుక్కుంటారు. ఓపిగ్గా కారణం చెప్పండి. వెలిసిన రంగు తిరిగి రాదు. కొన్ని నెలలు చూపించి, ఆపైన స్టోరుకు పంపండి.

5. చోటు లేనప్పుడు దానం వద్దని చెప్పడం తప్పు కాదు. చూసుకోగలిగే మరో మ్యూజియం పేరు చెప్పండి.

6. బీరువా కింద, పురుగు పట్టిందనడానికి గుర్తుగా, సన్నటి పొడి రాలిందని అందరికన్నా ముందు చూసేది స్టోరు ఊడ్చే ఆమె. ఏ అరలో ఏముందో, అది ఎందుకు అపురూపమో ఆమెకు వివరంగా చెప్పండి. ఆమె చెప్పిన రోజే ఆ అర తెరిచి చూడండి. రిజిస్టరులో కనిపెట్టినవారి గడిలో ఆమె పేరే రాయండి.