శ్రమించు హృదయమును కొలుచుట ఎట్లు?

సింగరేణి గనులలో దిగు కార్మికునకు వైద్యపరీక్ష కొత్తది కాదు. 1955 నాటి గనుల నియమావళి ఉద్యోగ ప్రవేశమునందును, పిదప ఐదేండ్లకు మించని వ్యవధులలోను ఈ పరీక్షను విధించెను. అయితే బల్లపై పరుండిన మనిషి గుండెను మాత్రమే పరీక్షించిన, అది విశ్రాంతిలో ఎట్లున్నదో తెలియును. గోదావరిఖని కార్మికుడు పని చేయునది బల్లపై కాదు. అతడు ఇంక్లైన్ ఏటవాలు ఎక్కవలెను, ఉక్కలో బరువులు మోయవలెను. తట్టా చెమ్మస్ స్థానమున యంత్రములు వచ్చినను శ్రమ పూర్తిగా తొలగలేదు. కనుక శ్రమలో గుండె శక్తిని కొలుచు మార్గములను ఈ వ్యాసమున పరిశీలింతము.

గుండె యొక్క ఎడమ జఠరిక నుండి ఒక నిమిషమున వెలువడు రక్త పరిమాణమును హృదయ నిర్గమము అందుము. స్పందనకు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషమునకు 72 స్పందనలైనచో అది సుమారు 5 లీటర్లగును. తీవ్ర శ్రమలో ఆరోగ్యవంతుడైన యువకునకు ఇది 20 లీటర్లకు పెరుగగలదు. ఈ పెరుగుదలయే గుండెకు గల నిల్వ శక్తి.

దీనిని కొలుచు సూత్రమును 1870లో అడాల్ఫ్ ఫిక్ చెప్పెను. శరీరము నిమిషమునకు గ్రహించు ఆమ్లజనిని, ధమని రక్తమునకును సిరల రక్తమునకును గల ఆమ్లజని భేదముతో భాగించిన హృదయ నిర్గమము వచ్చును. ఉదాహరణకు, శ్రమించు వ్యక్తి నిమిషమునకు 1,500 మిల్లీలీటర్ల ఆమ్లజనిని గ్రహించుచుండగా, లీటరు రక్తమునకు భేదము 120 మిల్లీలీటర్లైనచో నిర్గమము 12.5 లీటర్లు. కాని సిరల రక్తము సరిగా లభించుటకు గుండె వరకు గొట్టమును పంపవలెను. 1929లో వెర్నర్ ఫోర్స్‌మన్ తన శరీరముపైననే ఇట్టి సాహసము చేసెను. ఆస్పత్రిలో ఇది ఉపయుక్తమే. పనివానికి మాత్రము తగదు.

గాయము చేయని పద్ధతులకు మూలము శ్వాసయందే కలదు. కుడి జఠరిక రక్తము ఊపిరితిత్తుల ద్వారానే ఎడమ ప్రక్కకు చేరునని 13వ శతాబ్దమున ఇబ్న్ అల్ నఫీస్ వ్రాసెను. కనుక ఊపిరితిత్తుల ద్వారా ప్రవహించు రక్తమును కొలిచిన గుండె నిర్గమమును కొలిచినట్లే. 1929లో గ్రోల్‌మన్ దీనికి ఎసిటిలీన్‌ను వాడెను. ఒకప్పుడు అనేక దేశముల గనులలో కార్బైడ్ దీపములందు మండినది ఈ వాయువే. సంచిలోని వాయువును మరల మరల పీల్చునప్పుడు ఎసిటిలీన్ ఎంత వేగముగా రక్తములో కరగునో, రక్త ప్రవాహము అంత అధికమన్నమాట. బొగ్గుపులుసు వాయువుతోను ఇట్టి పద్ధతి కలదు.

రెండవ మార్గము విద్యుత్తు. 1966లో కుబిచెక్ బృందము ఛాతీ గుండా స్వల్ప విద్యుత్తును పంపి, ప్రతి స్పందనకు నిరోధమున కలుగు మార్పును బట్టి రక్త పరిమాణమును అంచనా వేసెను. మూడవది డాప్లర్ పద్ధతి. ఇందు శ్రవణాతీత ధ్వనితో మహాధమనిలో రక్త వేగమును కనుగొని, దానినుండి ఒక్కొక్క స్పందనకు రక్తము కదలు దూరమును గణించి, ధమని వైశాల్యముతోను, స్పందనల సంఖ్యతోను గుణింతురు. అయితే చెమట, శరీర చలనము, వేగిరపడిన శ్వాస ఈ కొలతలకు ఆటంకములు. అందువలన స్థిరముగా కూర్చుండి త్రొక్కు సైకిల్ యంత్రమును వాడుట మేలు.

నాడిని లెక్కించిన చాలదా యని సందేహము రావచ్చును. 1979లో సాహా బృందము భారతీయ కార్మికులకు నిమిషమునకు 110 స్పందనల వరకు గల పనిభారము దీర్ఘకాలము అంగీకారయోగ్యమని సూచించెను. నాడి సులభమైన, చవకయైన సాధనమే. కాని వేడిలో రక్తము చర్మమునకు మరలును. చెమటతో నీరు తగ్గును. స్పందనకు వెలువడు రక్తము తగ్గి నాడి మాత్రమే పెరుగును. ఒకే 120 నాడి ఒకని యందు సమర్థ శ్రమను, వేరొకని యందు అలసిన గుండెను తెలుపవచ్చును. ఈ భేదమును చూపునది హృదయ నిర్గమమే.

శ్రమ పరీక్ష వైద్యుని సమక్షముననే జరుగవలెను. మన విద్యార్థులు నాడిని సరిగా లెక్కించుటతో ఈ శాస్త్రమును ఆరంభింపవచ్చును. భూగర్భమున ప్రతి దినము శ్రమించు గుండెను, ఆ శ్రమలోనే ఒకసారి పరీక్షించుట న్యాయమని మేము భావించుచున్నాము.