హోప్ దీవి : ఒక యాత్రాపాఠము

ఈ యేడు మా పాఠశాల విహారయాత్రకు కాకినాడ చెంతనున్న హోప్ దీవిని ఎంచుకొంటిమని తల్లిదండ్రుల సమావేశములో ప్రకటించినప్పుడు వెనుక వరుసనుండి ఒక తల్లి లేచి, "ఆడ ఏముంది సార్ చూసేదానికి?" అని అడిగినది. మాలో ఒకరు తొందరపడి, "ఇసుక ఉన్నదమ్మా" అనిరి. "ఇసుక చూసేదానికి రాత్రంతా రైల్లో పోవల్లా?" అని ఆమె మరల ప్రశ్నింపగా సభ యంతయు నవ్వినది. మేమును నవ్వితిమి గాని, ఆ ప్రశ్నలో న్యాయము కలదు. గులాబీతోటలో పనిచేసియో, పట్టుగూళ్ళు అమ్మియో, కర్మాగారములో రాత్రి షిఫ్టు చేసియో యాత్రారుసుము చెల్లించువారికి అట్లు అడుగు హక్కున్నది. నాడు మేము చెప్పిన సమాధానము చాలలేదు. ఇప్పుడు వెళ్ళి చూచి వచ్చితిమి గావున, ఆ తల్లికిని, నాడు అడుగక ఊరకున్న తక్కినవారికిని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇదివరకు మనము పిల్లలను మైసూరునకు, మహాబలిపురమునకు, హొగేనకల్‌నకు తీసికొనిపోవుచుంటిమి. అవన్నియు చూడదగినవే. కాని సెలవుదినములందు ఆ చోట్ల పిల్లవానికి కనబడునది ముందు నిలిచినవాని వీపు మాత్రమే. హొగేనకల్ చూచివచ్చిన పిల్లలచేత వ్యాసము వ్రాయింపగా, జలపాతమునుగూర్చి రెండు వాక్యములును, వేపుడు చేపల అంగళ్ళనుగూర్చి ఒక పుటయు వ్రాసిరి. జనసమ్మర్దము లేని చోట పిల్లలు ఏమి చూతురో పరీక్షింపవలెనని మాకు తోచినది.

పాఠము కాకినాడలో కాక మన హోసూరులోనే మొదలుపెట్టితిమి. నందికొండలలో పుట్టిన దక్షిణ పినాకిని కెలవరపల్లి మీదుగా వచ్చి, కృష్ణగిరి ఆనకట్టను, సాత్తనూరు ఆనకట్టను దాటి కడలూరు దగ్గర సముద్రమున కలియుచున్నది. నది నీటితోపాటు ఇసుకను, ఒండ్రును మోసికొనిపోవునని పిల్లలకు తెలియును. "ఆ ఇసుక సముద్రములో పడిన తరువాత ఏమగును?" అని అడిగితిమి. "మునిగిపోతుంది సార్" అని అందరును ఒక్క గొంతుతో చెప్పిరి. అట్లు మునిగిపోక పైకి తేలి, ఒక ఊరికి కావలి నిలిచిన ఇసుకయే హోప్ దీవి.

గోదావరి త్ర్యంబకము దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించుచున్నది. ధవళేశ్వరము దిగువన గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. గౌతమి యానాము ప్రక్కగా పోయి సముద్రమున కలియుచోట తాను తెచ్చిన ఇసుకను దింపివేయును. నైరుతి ఋతుపవనకాలమున కెరటములు తీరమునకు ఏటవాలుగా తాకుచు ఆ ఇసుకను ఉత్తరమునకు నెట్టును. ఏటేట కొంచెము కొంచెముగా పేరుకొని, సుమారు రెండువందల సంవత్సరములలో పదునారు కిలోమీటర్ల పొడవుగల సన్నని ఇసుకపట్టీ ఏర్పడినది. మన ఊరిలోని దేవాలయములలో అనేకము ఈ దీవికంటె ఎంతో పెద్ద వయస్సు గలవి. భూమి యనగా అనాదినుండి ఉన్నదే యని తలచు పిల్లలకు, ముత్తాత తాతనాటికి పుట్టిన భూమి యొకటి కలదని చెప్పినప్పుడు వారి ముఖములు చూడవలసినవి.

మాటలనుగూర్చి ఇచట కొంత చెప్పవలసియున్నది. మనది మెట్టసీమ. చెరువు, కుంట, గుట్ట, తోపు అను మాటలు మన పిల్లల నోట సహజముగా వచ్చును. సముద్రపు తెలుగు వారికి పాఠ్యపుస్తకములోని తెలుగు మాత్రమే. ఏటి నడుమ లేచిన నేల లంక. నీటిలో ఇసుక మేటవేసిన దిబ్బ తిప్ప. నది సముద్రమున పడుచోటు మొగ. నీరు తీరముపైకి ఎక్కుట పోటు, వెనుకకు తీయుట ఆటు. నల్లబల్లపై 'తిప్ప' అని వ్రాయగానే తరగతి గొల్లుమన్నది. మన పొరుగు కన్నడములో తిప్పె యనగా పెంటకుప్ప గదా! రెండును కుప్పలే, ఒకటి ఎరువుది, ఒకటి ఇసుకది అని చెప్పిన పిమ్మట ఆ మాట వారికి మరపురాలేదు.

కాకినాడకు రైలుమార్గము సులభమైనదే. బెంగుళూరునుండి పోవు శేషాద్రి ఎక్స్‌ప్రెస్సు కుప్పము, జోలార్‌పేట మీదుగానే వెళ్ళును. మేము ఫిబ్రవరి మాసమున వెళ్ళితిమి. మొదటి ఉదయమున రేవుకు పోగానే పడవవాడు ఆకాశమును, నీటిని చూచి, "గాలి తిరిగిందండి మాస్టారూ, ఈరోజు వద్దండి" అనెను. మాతో వచ్చిన తండ్రులలో ఒకరు, పిల్లలు నిరాశపడుదురని, కొంత ఎక్కువ యిత్తుమనిరి. "డబ్బు సంగతి కాదండి బాబూ, పిల్లలున్నారు కదండీ" అని అతడు పడవను కట్టివేసెను. ఒక దినము వ్యర్థమాయెనని మాలో కొందరము లోలోపల విసుగుకొంటిమి. ఆ విసుగు సాయంకాలమునకు తీరినది. ఏలయన ఆ దినము కోరంగికి పోయితిమి. కోరంగిని చూడనివారికి హోప్ దీవి సగమే అర్థమగును.

కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరుపొందినది. ఇచటినుండి తెలుగువారు రంగూనునకు, మారిషసునకు ఓడలెక్కిరి. అందుచేతనే బర్మాలో తెలుగువారిని 'కొరంగీలు' అని పిలిచిరి. 1789 డిసెంబరులోను, మరల 1839 నవంబరులోను వచ్చిన తుపానులలో సముద్రము ఊరిమీదికి వచ్చి అపారమైన ప్రాణనష్టము కలిగించినది. 1848లో 'సైక్లోన్' అను మాటను కల్పించిన హెన్రీ పిడింగ్టన్ తన గ్రంథములలో ఈ కోరంగి ఉప్పెనను వర్ణించియున్నాడు. తుపానులకు తోడు ఒండ్రు మేటవేయుటచే రేవు పూడిపోయినది. ఓడలు కాకినాడకు తరలినవి. కోరంగి నేడొక చిన్న ఊరు. కోరంగి రేవును పూడ్చినది, ప్రక్కనే దీవిగా లేచి కాకినాడ రేవునకు అడ్డుగోడయై నిలిచినది, గోదావరి తెచ్చిన ఆ ఇసుకయే. బహిరంగ సముద్రపు కెరటములు దీవి వెలుపలి ఒడ్డున విరిగిపోవును. లోపలి అఖాతమున ఓడలు నిమ్మళముగా లంగరు వేయును.

కోరంగి మడ అడవులు 1978 నుండి అభయారణ్యముగా ఉన్నవి. సుమారు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము. అందులో కర్రల బాటమీద నడచుచు పిల్లలు బురదలోనుండి మేకులవలె పైకి పొడుచుకొనివచ్చిన వేళ్ళను చూచి ఆశ్చర్యపడిరి. బురదలో గాలి దొరకదు గావున మడచెట్టు వేళ్ళను పైకి పంపి ఊపిరి తీయును. తిల్ల యను చెట్టునొకదానిని అటవీశాఖ ఉద్యోగి చూపెను. దాని పాలు కంటిలో పడిన చూపునకు ప్రమాదము. చిదంబరమునకు తిల్లై యను పాతపేరు వచ్చినది ఈ చెట్టువలననే. తమిళ తరగతిలో తిల్లై యను పేరు చదివిన మన పిల్లలకు ఆ చెట్టు గోదావరి మొగలో తెలుగుపేరుతో కనబడినది. రెండు భాషలు చదువు భారమునుగూర్చి మనము తరచు మొరపెట్టుకొందుము. అట్టి చోట ఆ భారము కొంత లాభముగాను మారును.

రెండవనాడు గాలి నెమ్మదించినది. పడవ దీవి లోపలి ఒడ్డును చేరినది. అంగడి లేదు, హోటలు లేదు, ధ్వనివర్ధకము లేదు. ఇసుకపై ప్రాకు తీగలు, ఎండిన గడ్డి, దూరమున జాలరుల పాకలు, ఆవలి ఒడ్డునుండి కెరటముల హోరు మాత్రమే కలవు. పిల్లలు మొదటి పావుగంట ఊరక కేకలు వేసిరి. పిమ్మట ఎవరును చెప్పకయే కేకలు మానిరి. ఒక పిల్లవాడు ఇసుకలో చెవి ఆనించి పండుకొనెను. ఎండ్రకాయ బొరియ తవ్వు చప్పుడు వినబడుచున్నదని చెప్పెను. మాకు వినబడలేదు.

మేము వెళ్ళకముందు ఈ దీవి నిర్జనమని పిల్లలకు చెప్పియుంటిమి. అది మా తప్పు. అచట కుటుంబములు కాపురమున్నవి. వలలు ఆరవేసికొను స్థలమును పిల్లలు ఆటస్థలమనుకొని పరుగెత్తగా ఒక ముసలమ్మ, "వల తొక్కకండమ్మా, చిరుగుద్ది" అని మందలించినది. పిల్లలు సిగ్గుపడి నిలిచిరి. ఆమెయే పిమ్మట దగ్గరకు పిలిచి ఏ ఊరని అడిగినది. హోసూరనగా ఆమెకు తెలియలేదు. తమిళనాడని చెప్పగా, "మరి తెలుగు మాట్లాడుతున్నారే!" అని విస్తుపోయినది. ఏడవ తరగతి బాలిక యొకతె, "మా ఇంట్లో తెలుగే కదవ్వా, మా అవ్వకూ తెలుగే" అనెను. "ఎవరు నేర్పారే నీకు?" అని ముసలమ్మ అడిగినది. "ఎవరూ నేర్పలే, మాట్లాడుతారు" అని బాలిక చెప్పినది. తమ పెద్దలలో కొందరు పూర్వము రంగం పోయిరనియు, వారి పిల్లలకు తెలుగు వచ్చునో రాదో తనకు తెలియదనియు ఆమె చెప్పినది. రంగమనగా రంగూనని పిల్లలకు మేము విప్పి చెప్పవలసివచ్చినది.

వెలుపలి ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ జాడలను చూచితిమి. తాబేళ్ళను చూడలేదు. అవి జనవరి మొదలు మార్చి వరకు రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, తెల్లవారకముందే వెడలిపోవును. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు బయటికి వచ్చును. గ్రుడ్డున్న ఇసుక వెచ్చనైనచో ఆడపిల్లలు, చల్లనైనచో మగపిల్లలు ఎక్కువగా పుట్టును. పుట్టిన పిల్ల, సముద్రముమీది వెలుగును గుర్తించి అటు నడచును. ఒడ్డున దీపమున్నచో దానినే సముద్రమనుకొని నేలవైపు నడచి చచ్చును. జనులు రాని చీకటి తీరము తాబేలునకు అవసరమగుట ఇందుచేతనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గ్రుడ్డును ముట్టుటయు నేరము.

చచ్చి ఒడ్డున పడియున్న పెద్ద తాబేలు నొకదానిని కూడ పిల్లలు చూచిరి. చూపవలెనా వద్దా యని మేము తర్కించుకొనులోపలనే వారు దాని చుట్టును చేరిరి. తాబేలు నీటిలో బ్రతికినను ఊపిరికై పైకి రావలెను. మరపడవలు లాగు వలలో చిక్కినచో పైకి రాలేక మునిగి చచ్చును. వలలో తాబేలు తప్పించుకొనుటకు ద్వారమును అమర్చు సాధనము కలదు. కాని దానివలన చేపలును జారిపోవునని జాలరుల భయము. వారి బ్రతుకును చూచిన తరువాత ఆ భయమును తేలికగా తీసిపారవేయలేకపోతిమి.

తిరుగుప్రయాణమునకు ముందు ఉప్పాడకు పోయితిమి. మన తల్లులకు ఉప్పాడ చీరలు తెలియును. ఆ ఊరు కాకినాడకు ఉత్తరమున దీవి చాటునకు వెలుపల ఉన్నది. సముద్రము ఏటేట దానిని కోసికొనిపోవుచున్నది. రాళ్ళు పోసిన గోడను దాటి అలలు రోడ్డుమీదికి వచ్చుచుండగా చూచితిమి. గోదావరి మీదను, దాని ఉపనదుల మీదను ఆనకట్టలు కట్టిన పిమ్మట సముద్రమునకు చేరు ఒండ్రు మిక్కిలి తగ్గినదని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పుచున్నారు. ఆనకట్టలు లేనిదే పైరు లేదు. కృష్ణగిరి ఆనకట్ట నీరు పారు పొలములవారికి మేమిది చెప్పనక్కరలేదు. ఐనను ఆనకట్ట వెనుక నిలిచిపోయిన ఇసుక ఎక్కడనో ఒక తీరమునకు బాకీ పడియున్నది. "మన కెలవరపల్లి ఇసుక కూడా ఏదో ఊరికి బాకీనా సార్?" అని ఆ సాయంకాలము ఒక పిల్లవాడు అడిగెను. మాకు వెంటనే బదులు తోచలేదు. ఈ యేడు భూగోళ తరగతిలో ఆ ప్రశ్ననే పాఠముగా తీసికొంటిమి.

ఇక వచ్చే యాత్రనుగూర్చి. అటవీశాఖవారి అనుమతి, పడవ, వాతావరణము ఈ మూడును కూడవలెను గావున రెండు దినములు అదనముగా ఉంచుకొనక బయలుదేరరాదు. తుపానులకు పేరుపొందిన అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములు తగవు. ఇట్టి ఇసుకదీవులలో వాననీరు ఉప్పునీటిపై పలుచగా తేలి నిలుచును. ఎక్కువ తోడినచో ఉప్పునీరు పైకి వచ్చును. కాబట్టి త్రాగునీరు మనమే మోసికొనిపోవలెను, కాకినాడనుండి తెచ్చిన ప్రతి కాగితమును, సీసాను మరల కాకినాడకు తేవలెను. ముప్పదిమందికంటె ఎక్కువ పిల్లలను తీసికొనిపోము. రాత్రి దీవిలో ఉండము. ఈమారు తోడు వచ్చినవారందరును తండ్రులే. వచ్చేమారు తల్లులలో కనీసము నలుగురు రావలెనని కోరుచున్నాము. రాదలచినవారు దసరా సెలవులకు ముందుగా తరగతి ఉపాధ్యాయులకు పేర్లు ఈయవలెను. వెనుక వరుసనుండి ప్రశ్నించిన ఆ తల్లి పేరును మేమే మొదట వ్రాసికొంటిమి. ఆమె ఇంకను ఒప్పుకొనలేదు.