ఆట కథ కాగలదా?



మన భాషలో 'ఆట' అను చిన్నమాటకు పెద్ద సంసారము కలదు. పిల్లలు వీధిలో ఆడునది ఆట. తూర్పు భాగవతులు వేషము కట్టి తెల్లవార్లు ఆడునదియు ఆటయే. సినిమాహాలు వద్ద మొదటి ఆట, రెండవ ఆట అని చెప్పుకొందుము. ఇప్పుడు ఫోనుపై బొటనవ్రేలితో మీరు నడిపించునది కూడ ఆటయే. మాట ఒక్కటియైనను వస్తువులు ఒక్కటి కావు. వీడియో ఆటను మంచి చలనచిత్రముగా మలచవచ్చునా? ఇది నేటి మన ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు తరగతిలో ఎదురైనది. 'నాకు నచ్చిన కథ' అను విషయముపై వ్యాసము వ్రాయుడని తొమ్మిదవ తరగతివారికి చెప్పితిమి. ఒక బాలుడు తాను ఫోనులో ఆడిన ఆటను వ్రాసి తెచ్చెను. "దూకాను, కాల్చాను, చచ్చిపోయాను, మళ్లీ వచ్చాను" అని రెండు పుటలు నింపెను. ఇది కథ కాదని మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిమి. అప్పుడతడు, "మాస్టారూ, ఆడేటప్పుడు గుండె దడదడలాడింది. రాస్తే అదెక్కడికి పోయింది?" అని అడిగెను. మాకు వెంటనే సమాధానము తోచలేదు. కొట్టివేయుటలో తొందరపడితిమని ఇంటికి పోయిన పిదప గ్రహించితిమి.

భేదమెక్కడ?

ఆటలో ముఖ్యుడు ఆడువాడు. గోతిని దాటుటయు, అందులో పడుటయు వాని చేతిలో నుండును. పడిపోయినను భయము లేదు, మరల మొదలుపెట్టవచ్చును. చిత్రములో మనము కూర్చుండి చూచువారము మాత్రమే. ఏ దారిని పోవలెనో పాత్రయే నిర్ణయించుకొనును; ఆ నిర్ణయపు ఫలమును తుదివరకు తానే మోయును. కావున ఆటలోని సంఘటనలను వరుసగా తెరపై పేర్చినచో, ప్రక్కవాడు ఆడుచుండగా భుజము మీదుగా తొంగిచూచినట్లుండును. కొంతసేపు చూతుము, పిదప "నాకియ్యి" అని చేయి చాతుము. సినిమాహాలులో ఆ చేయి చాచుటకు వీలులేదు.

కొన్ని ఉదాహరణములు

జపానులోని నింటెండో సంస్థ 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' అను ఆటను వెలువరించెను. మారియో అను ప్లంబరు పరుగెత్తును, దూకును, రాకుమారిని విడిపించును. 1993లో హాలీవుడ్ వారు దీనిని నటులతో చిత్రముగా తీసిరి. ఆటలోని వెలుగుల లోకమునకు బదులు ఒక చీకటి నగరమును చూపిరి. ఆడినవారికి తమ మారియో కన్పింపలేదు. పెట్టిన ధనము కూడ హాళ్ళ వసూళ్ళలో తిరిగి రాలేదు.

2001లో 'ఫైనల్ ఫాంటసీ' ఆటకు సృష్టికర్తయైన సకగుచి తానే దర్శకుడై ఒక చిత్రమును నిర్మించెను. దానిని మొత్తముగా కంప్యూటరుపైననే గీచిరి. సుమారు 13 కోట్ల 70 లక్షల డాలర్లు వ్యయము కాగా, వసూలైనది 8 కోట్ల 50 లక్షలు. తల వెండ్రుకలను ఎంత సహజముగా గీచినను, తలలోని ఆలోచన మనకు అందనిచో పాత్రపై మమకారము కలుగదు.

2023లో మారియో మరల తెరకెక్కెను, ఈసారి బొమ్మల చిత్రముగా. వసూళ్ళు 130 కోట్ల డాలర్లు దాటినవి. ధనము గుణమునకు కొలత కాదు. కాని ఒక చిన్న మార్పును గమనింపుడు. ఈ చిత్రములో మారియో వెదకుచు పోవునది చెఱపడిన తన తమ్ముడు లుయీజీ కొఱకు. దుముకుట ఆటనుండి వచ్చినది. ఎవరి కొఱకు దుముకవలెనో కథ చెప్పినది.

'టెట్రిస్' సంగతి ఇంకను విచిత్రము. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ అను శాస్త్రజ్ఞుడు కల్పించిన ఈ ఆటలో పైనుండి పడు దిమ్మెలను సర్దుటయే పని. పాత్రలు లేవు, కథ లేదు. 2023లో వచ్చిన 'టెట్రిస్' చిత్రము దిమ్మెలకు కథ కల్పింపబోలేదు. ఆ ఆట హక్కులకై సోవియట్ ప్రభుత్వముతో జరిగిన బేరములను, ఆ చిక్కులలో ఇద్దరు మనుష్యుల నడుమ ఏర్పడిన స్నేహమును కథగా గైకొనెను.

తెలుగులో నేమున్నది? 2019లో అశ్విన్ శరవణన్ దర్శకత్వమున తెలుగు, తమిళ భాషలలో వచ్చిన 'గేమ్ ఓవర్' ఏ ఆటకును అనుసరణ కాదు. అందలి నాయిక స్వప్న వీడియో ఆటలను రూపొందించు యువతి. పూర్వము తగిలిన గాయముచే నిత్యము భయపడుచుండునది. దుర్మార్గులు ఇంటిపై బడినప్పుడు ఆమెకు ఆటలోవలె మూడు ప్రాణములు లభించును. ఓడినపుడెల్ల నేర్చుకొని మరల లేచును. ఆటలో 'ప్రాణము' ఒక లెక్క. ఇచట అది ధైర్యము తెచ్చుకొనుటకు అవకాశమైనది. (ఇది భయానక చిత్రము, చిన్న తరగతులవారు చూడదగినది కాదు.)

మన ప్రాచీనుల మార్గము

ఆటను కథగా మలచుట నేటి విద్య కాదు. సభాపర్వములోని జూదమును తలచుకొనుడు. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరములో నన్నయభట్టు తెనిగించిన పర్వములలో ఇదియొకటి. మేము విజయనగరములో ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో ఈ ఘట్టమును పాఠముగా చెప్పవలసి వచ్చెను. ఏ పాచిక ఏ ముఖముగా పడినదో మాకును జ్ఞాపకము లేదు, పిల్లలును అడుగలేదు. ధర్మరాజు ఏమి ఒడ్డెనో మాత్రము అందరికిని జ్ఞాపకమే: ధనము, రాజ్యము, తమ్ములు, తాను, తుదకు ద్రౌపది. ముందుగా తానే దాసుడైనవానికి భార్యను పణముగా ఒడ్డు అధికారము కలదా అని ద్రౌపది సభను ప్రశ్నించెను. అది ఆట నియమమును గూర్చిన ప్రశ్న; ధర్మమును గూర్చిన ప్రశ్నయు అదియే. భీష్ముడంతవాడు సూటిగా సమాధానము చెప్పలేకపోయెను. 1965లో వచ్చిన 'పాండవ వనవాసము' వంటి చిత్రములలో జూదఘట్టమును చూచినపుడు మనము పాచికలను గాక ముఖములను చూచుట అందువలననే.

కావున సమాధానమిది. ఆట మంచి చిత్రము కాగలదు. అయితే ఆటలోని కదలికలను గాక, అందలి పణమును, ఎంపికను తెరకు తేవలెను. ఏమి పోవునో తెలిసియు పాత్ర ఒక దారిని ఎన్నుకొన్నప్పుడు కథ పుట్టును.

జేకేపూర్ వారికి ఈ మాట సులభముగా బోధపడును. 1962లో ఆరంభమైన మన కాగితపు మిల్లులో వెదురును, కలపను ఏమి చేయుదురో మీ ఇండ్లలో పలువురెఱుగుదురు. వెదురుబద్దలను ప్రక్కప్రక్కన పరచినచో తడిక యగును గాని కాగితము కాదు. ముక్కలు చేసి ఉడికించి గుజ్జు చేయవలెను. రూపము పోవును, నార మిగులును. నారయు పోయినచో కాగితము పట్టుకొనగనే చిరుగును. మా విద్యార్థి మొదటి వ్యాసము తడిక. 1993 నాటి మారియో నార లేని కాగితము.

మరల ఆ బాలుని సంగతి

మరునాడు అతనిని పిలిచి, గుండె దడదడలాడినది ఏ చోటనో అది మాత్రము వ్రాయుమంటిమి. పార్వతీపురములోనున్న మేనత్త కొడుకుతో కలిసి ఆడుచుండగా, బావ దెబ్బతిని వెనుక పడిపోయెనట. ముందుకు పరుగెత్తినచో గెలుపు తనది. వెనుకకు పోయినచో ఇద్దరును ఓడవచ్చును. ఇతడు వెనుకకు పోయెను, ఇద్దరును ఓడిరి. ఫోనులో బావ నవ్విన నవ్వుతో వ్యాసము ముగిసినది. ఆటలోని ఆజ్ఞలన్నియు ఆంగ్లములో నున్నవి. "బావను లేపడానికి వెనక్కి వెళ్లాను" అన్న వాక్యము మాత్రము అతనిదే. ఈసారి ఎఱ్ఱసిరాతో మంచి మార్కులు వేసితిమి.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. మన పిల్లలకు ఇంట తెలుగు, బజారులో ఒడియా, ఫోనులో ఆంగ్లము. తెలుగు మాధ్యమమున చేర్చుటకు కొందఱు ఎందుకు సంశయించుచున్నారో మాకు తెలియును. కాని నేటి అనుభవమును చెప్పుకొనుటకు పనికిరాని భాష క్రమముగా పెండ్లిపత్రికలకే మిగిలిపోవును. ఆటకు కాలపరిమితి విధింపుడు, అది అవసరమే. అటుపిమ్మట అన్నము తినువేళ "ఏమి జరిగింది? అటే ఎందుకు వెళ్లావు?" అని తెలుగులో అడుగుడు. ఓపికతో వినుడు.

అభ్యాసము

1. మీరాడిన ఆటలో మీకు కష్టమైన ఒక్క ఎంపికను పది వాక్యములలో వ్రాయుడు. 'చచ్చిపోయాను' అను మాట వాడరాదు.
2. వైకుంఠపాళిలో పెద్దపాము నోటబడిన వానిని కథానాయకునిగా చేసి ఒక కథ అల్లుడు. అతడు పోగొట్టుకొన్నదేమి?
3. మీరు చూచిన ఒక చిత్రమును ఆటగా మార్చినచో ఏది నిలుచును, ఏది పోవును?