పెంపుడు కుక్కకు జబ్బు చేస్తే ఎంతవరకు వైద్యం చేయించాలి?



ప్రైమరీ క్లాసుల్లో ‘మై పెట్’ అని ఐదు వాక్యాలు రాయమంటే చాలామంది కుక్క గురించే రాస్తారు. దాని పేరు, రంగు, అది ఏం తింటుందో అన్నీ ఉంటాయి. ఆ కుక్కకు జబ్బు చేస్తే ఏం చేయాలన్నది మాత్రం మేం చెప్పే పాఠంలో ఉండదు. ఆ పాఠం ఇంట్లోనే జరుగుతుంది. మీరు ఏం చేస్తారో, ఏం మాట్లాడతారో పిల్లలు చూస్తూనే ఉంటారు. అందుకే ఈ నెల ఈ విషయం మీతో మాట్లాడాలనుకున్నాను.

ముందు జబ్బు ఏమిటో తెలుసుకోండి

‘కుక్కకు అంత ఖర్చు ఎందుకు?’ అని ఒకరు, ‘ఎంతయినా సరే బతికించాలి’ అని ఒకరు అంటారు. జబ్బు ఏమిటో తెలియకుండా ఈ రెండు మాటలూ తొందరపాటే.

కొన్ని జబ్బులు పూర్తిగా నయమవుతాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరాన్ని త్వరగా గుర్తిస్తే సాధారణంగా నాలుగు వారాల పాటు డాక్సీసైక్లిన్ మాత్రలతో చాలా కుక్కలు కోలుకుంటాయి. పార్వో వైరస్ సోకిన పిల్లకు వాంతులు, రక్త విరేచనాలు అవుతాయి. దానికి వైద్యం చేయించకపోతే ఎక్కువగా చనిపోతాయి. మొదట్లోనే సెలైన్, మందులు పడితే ఎక్కువగా బతుకుతాయి. ఇక్కడ ఒక్క రోజు ఆలస్యం కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

కొన్ని జబ్బులు నయం కావు, కానీ అదుపులో ఉంటాయి. ముసలి కుక్కల్లో కిడ్నీలు చెడిపోవడం అలాంటిదే. సెలైన్, పథ్యం, మందులతో కొన్ని నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం బాగా గడపవచ్చు.

రేబిస్ సంగతి వేరు. లక్షణాలు కనిపించాక కుక్కకు మందు లేదు. అనుమానం వస్తే పిల్లలను దగ్గరికి పోనివ్వకండి, వెంటనే పశువైద్యుడికి చెప్పండి. కుక్క కరిచినా, గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించండి.

ఒక హెచ్చరిక. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు కుక్కకు సొంతంగా వేయకండి. అవి దానికి విషమయ్యే ప్రమాదం ఉంది.

డాక్టర్‌ను అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. జబ్బు పూర్తిగా నయమవుతుందా, అదుపులో మాత్రమే ఉంటుందా?
2. వైద్యం చేయిస్తే ఎన్నాళ్లు, ఎలా బతుకుతుంది?
3. వైద్యం వల్ల అది పడే బాధ ఎంత?
4. మొత్తం ఖర్చు ఎంత? ఒకసారితో అయిపోతుందా, నెలనెలా ఉంటుందా?
5. ఎన్ని రోజుల్లో తేడా కనిపించాలి? కనిపించకపోతే ఏం చేద్దాం?

ఐదో ప్రశ్న చాలామంది అడగరు. ‘ఐదు రోజులు చూద్దాం’ అని ముందే అనుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

మన నేరేడుచర్ల వాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. ముందు దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించండి. సంచార పశువైద్య వాహనాల నంబర్ 1962. అవి ముఖ్యంగా పాడిపశువుల కోసం వచ్చినవి, కాబట్టి కుక్కను చూస్తారా అని ఫోన్‌లోనే అడగండి. స్కానింగ్, పెద్ద ఆపరేషన్ అంటే హైదరాబాద్ పోవాల్సి వస్తుంది. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. అయితే అంత దూరం ప్రయాణాన్ని ఆ కుక్క తట్టుకుంటుందా అని ఇక్కడి డాక్టర్‌నే అడిగి బయల్దేరండి.

కుక్క ఎలా ఉందో లెక్క వేయండి

అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ 2004లో ఒక పద్ధతి చెప్పారు. ఏడు విషయాలకు 0 నుంచి 10 వరకు మార్కులు వేయాలి.

• నొప్పి, ఆయాసం లేకుండా ఉందా?
• తింటుందా?
• ఒంట్లో నీరు తగినంత ఉందా?
• శుభ్రంగా ఉంటుందా, పుండ్లు పడుతున్నాయా?
• మనల్ని చూస్తే సంతోషిస్తుందా?
• లేచి నడవగలుగుతుందా?
• చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువా?

మొత్తం 70కి 35 దాటితే సేవ కొనసాగించవచ్చని ఆమె లెక్క. ఇది పరీక్ష పాస్ మార్కు కాదు. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మన దగ్గర ఉండాల్సిన సమాచారం.

వదిలిపెట్టకపోవడం అంటే ఏమిటి?

స్వర్గానికి రమ్మన్నా వెంట వచ్చిన కుక్కను విడిచి రానన్న ధర్మరాజు కథ పిల్లలందరికీ తెలుసు. ఆ కథ విన్న పిల్లవాడికి వైద్యం ఆపడం అంటే వదిలేయడమే అనిపిస్తుంది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ కోలుకోలేని జబ్బుతో విలవిల్లాడుతుంటే గాంధీజీ డాక్టర్‌తో ఇంజెక్షన్ ఇప్పించి దాని బాధను ముగించారు. అహింసను బోధించే మనిషి ఇలా చేయవచ్చా అని ఎంతోమంది కోపంగా ఉత్తరాలు రాశారు. తాను ఎందుకు అలా చేశారో ఆయన తన పత్రికలో దాచకుండా రాశారు.

ఈ రెండు కథలూ ఒకదానికొకటి ఎదురు కావని నా అభిప్రాయం. రెండింటిలోనూ మనిషి పక్కనే ఉన్నాడు. కారుణ్య మరణం మీ మనసుకు ఒప్పకపోతే నొప్పి తగ్గించే మందులు, మెత్తటి పడక, నీళ్లు, మీ చేతి స్పర్శ ఇచ్చి చివరిదాకా చూసుకోవచ్చు. అది కూడా వైద్యమే. జబ్బు కుక్కను కాలువ గట్టున, హైవే పక్కన దింపి రావడం మాత్రం వద్దు. ఆకలితో, దాహంతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

పిల్లలతో ఎలా మాట్లాడాలి?

‘ఊరికి పంపించాం’, ‘నిద్రపోయింది’ అని చెప్పకండి. చిన్నపిల్లలు దాని కోసం రోజూ ఎదురుచూస్తారు, కొందరు నిద్రంటేనే భయపడతారు. ‘చనిపోయింది, ఇక రాదు, దానికిప్పుడు నొప్పి లేదు’ అని చెప్పండి.

నిర్ణయం పిల్లల మీద పెట్టకండి. ‘నువ్వే చెప్పు, ఇంజెక్షన్ చేయిద్దామా?’ అని అడిగితే ఆ బరువు ఏళ్ల తరబడి మోస్తారు. వాళ్ల మాట వినండి, నిర్ణయం మీరు తీసుకోండి.

డబ్బు సంగతి దాచకండి. టర్మ్ ఫీజు కట్టాల్సిన నెలలోనే కుక్కకు ఆపరేషన్ రావచ్చు. ‘నీ ఫీజు వల్లే దానికి వైద్యం చేయించలేకపోయాం’ అని మాత్రం ఎప్పుడూ అనకండి. ‘మన దగ్గర ఇంత ఉంది, ఇంతవరకు చేయించగలం, దానికి నొప్పి లేకుండా మాత్రం తప్పకుండా చూస్తాం’ అనండి. ఉన్నంతలో బాధ్యతగా నడుచుకోవడం ఎలాగో ఆ ఒక్క మాటలో నేర్చుకుంటారు.

ఇంట్లో చేయించండి

మీ కుక్క ఆరోగ్యంగా ఉంటే ఈ వారమే దాని టీకా కార్డు తీసి, తర్వాతి తేదీని పిల్లలతో క్యాలెండర్‌లో రాయించండి. పార్వో, రేబిస్ రెండింటికీ టీకాలు ఉన్నాయి. జబ్బుగా ఉంటే రోజూ సాయంత్రం క్యాలెండర్‌లో మంచి రోజుకు టిక్కు, చెడ్డ రోజుకు ఇంటూ పెట్టించండి. రెండు వారాల తర్వాత ఆ పేజీని అందరూ కూర్చుని చూడండి. మాట్లాడటం ఎక్కడ మొదలుపెట్టాలో అదే చెబుతుంది.