ఊపిరి లెక్కపెట్టండమ్మా

చెల్లెళ్లూ, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అందాకా మన ఇస్నాపూర్‌లో ఎలా ఉంటుందో రేకుల గదుల్లో పడుకునేవాళ్లను అడగాలి. హైదరాబాద్ చుట్టుపక్కల చలి సంగతి వస్తే పటాన్‌చెరు పేరు ముందు వినబడుతుంది. మన జిల్లాలోని కోహీర్ సంగతి సరేసరి.

మైదానాల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గితే చలిగాలులని వాతావరణ శాఖ చెబుతుంది. పసిబిడ్డలు, ముసలివాళ్లు అందాకా ఆగరమ్మా, ముందే పడిపోతారు.

మొన్న పుష్యంలో మా గల్లీలో, పాశమైలారం కంపెనీకి పోయే ఒడియా కుర్రాడి ఇంట్లో మూడు నెలల పాప. సర్దే కదా అనుకున్నారు. ఒళ్లు వేడి లేదు మరి! పాలు సరిగ్గా పట్టడంలేదని తల్లి అంటే, అంగీ పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాను. 56 వచ్చింది. డొక్కలు లోపలికి పోతున్నాయి. వెంటనే పటాన్‌చెరు సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. నిమ్ము అన్నారు. పాప బతికింది.

ఈ లెక్క మనసులో పెట్టుకోండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు లెక్కపెట్టాలి. ఆ అంకె చేరినా, దాటినా, డొక్కలు ఎగరేసినా కషాయాలతో పొద్దుపుచ్చకండి. జ్వరం కోసం ఎదురుచూడకండి. అప్పుడే పుట్టిన బిడ్డకు నిమ్ము చేస్తే ఒళ్లు వేడెక్కకుండా చల్లబడిపోవచ్చు కూడా.

కుంపటి సంగతీ చెప్పాలి. తలుపులు బిగించి బొగ్గులు రాజేసుకుని పడుకుంటే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, కంటికి కనబడదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి గడప బయటే ఉండాలి. షుగర్ ఉన్న అత్తమ్మలు మంట దగ్గర కాళ్లు చాపుకుంటే ఓ కన్నేసి ఉంచండి. పాదాలకు స్పర్శ తగ్గి, కాలింది కూడా తెలియదు వాళ్లకు.

ఇంకొక్క మాట. దగ్గు, జ్వరం మీ ఇంట్లోనే పెట్టుకోకండి, ఆశా అక్కకు చెప్పండి. 2004లో మొదలైన వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఏఎన్ఎంలు దగ్గు, జ్వరాల లెక్క పైకి పంపుతారు. ఒక వాడలో ఒక్కసారిగా కేసులు పెరిగితే అక్కడే తెలుస్తుంది. కిరాయి గదుల్లో ఉండే ఒడిశా, బిహార్ తల్లులకు మన భాష రాదు, ఆ లెక్కలోకి వాళ్ల బిడ్డలు రారు. వాళ్ల గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగి, బిడ్డ ఎలా ఉందో చూసి, ఆశా అక్కకు ఆ మాట మీరే చెప్పండి. రాత్రివేళ బిడ్డ పాలు మానేసి మగతగా పడి ఉంటే 108కి ఫోన్ చేయండి.