పాఠం: ఏ నేలకు ఏ పశువు? – వేడి, తేమల లెక్క



సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "అప్పు మంజూరైంది. సంకరజాతి ఆవును కొనమంటారా, గేదెను కొనమంటారా?" జవాబుకు ముందు ఒక లెక్క నేర్చుకొందాము.

ఏ జంతువు ఎక్కడ మనగలదో శాస్త్రజ్ఞులు రెండు పద్దులతో అంచనా కడతారు. శరీరంలో పుట్టే వేడి జమ. బయటికి పోయే వేడి ఖర్చు. మేత అరిగినా, పాలు తయారైనా వేడి పుడుతుంది. పాలు ఎక్కువైతే వేడీ ఎక్కువే. అది చెమట, రొప్పుల ద్వారా పోవాలి. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. అప్పుడు పశువు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, చూడి నిలవదు.

లెక్క ఇది: మామూలు థర్మామీటరు అంకెకు, బుడ్డికి తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అంకెను సెంటీగ్రేడులో కలపండి. మొత్తాన్ని 0.72తో హెచ్చవేసి 40.6 చేర్చండి. ఫలితం 72 దాటితే హోల్‌స్టీన్ ఆవుకు ఇబ్బంది మొదలవుతుంది.

మెట్ట సీమలో పొడి అంకె 38, తడి అంకె 22 అనుకొందాము. ఫలితం 83.8. మంగినపూడి తీరాన పొడి 32, తడి 28 అయితే, అదే 83.8! ఎండ 6 డిగ్రీలు తగ్గినా పశువుకు బాధ తగ్గలేదు. కనుక మెట్టలో బాగా పాలిచ్చిన ఆవు బందరులోనూ అంతే ఇస్తుందని నమ్మి అప్పు చేయరాదు.

మన ఒంగోలు జాతికి తెల్లని వెంట్రుక, వదులైన చర్మం, బాగా పనిచేసే చెమట గ్రంథులు ఉన్నవి. అందుకే 19వ శతాబ్దంలో బ్రెజిల్ చేరి, 'నెలోర్' పేరుతో ఆ వేడి దేశంలో విస్తరించింది. గేదెకు నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఆ లోటును నీరు తీరుస్తుంది. దివిసీమ, గుడివాడ కాలువల వెంట గేదె నిలిచినది అందుకే. కాలువలు కట్టివేసే వేసవిలో నీడ, రెండు పూటలా కడుగుడు తప్పనిసరి. గాలి ఆడని పాకలో నీళ్ళు చల్లితే తేమ పెరిగి కీడే జరుగుతుంది.

సంకరజాతి ఆవును కొనవద్దని మా ఉద్దేశం కాదు. నీడ, గాలి, నీటి వసతి ముందు, పశువు తరువాత. ప్రతి సంఘం రెండు థర్మామీటర్లు ఉంచి, ఈ అంకెను పాల రిజిస్టరులో రోజూ వ్రాయవలెనని కోరుతున్నాము. ఏడాది తిరిగేసరికి మీ ఊరికి తగిన పశువేదో మీ రిజిస్టరే చెబుతుంది.