రొయ్యల మేత లెక్కకు రంగులు: కాగితం మీద కోడు అచ్చు వేసే పద్ధతి

మా కంప్యూటర్ ల్యాబ్‌కు వచ్చే పిల్లల్లో సగం మంది అల్లూరు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వైపు వాళ్లు. రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగినవాళ్లు. అందుకే పైథాన్ మొదటి పాఠానికి నేను మేత లెక్క ఎంచుకున్నాను. చెరువులో వదిలిన పిల్ల లక్ష, అందులో బతికింది నూటికి 80, ఇప్పుడు కౌంట్ 100. అంటే కిలోకు వంద రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములు. చెరువులో ఉన్న మొత్తం బరువు 800 కిలోలు. అందులో మూడున్నర శాతం మేత వేయాలంటే రోజుకు 28 కిలోలు. ఇంట్లో నాన్న నోటి లెక్కగా చెప్పేదే పది వరుసల ప్రోగ్రాం అవుతుంది.

మొదటిసారి దాన్ని మామూలు వర్డ్ ఫైల్‌లో అతికించి, ప్రింటు తీసి పంచాను. పిల్లలు కాగితం చూసి టైపు చేసుకున్నారు. ఫైల్ కూడా తెచ్చుకున్నవాళ్లు అందులోంచి కాపీ చేసుకున్నారు. కాపీ చేసినవాళ్లలో ఒక్కరికీ ప్రోగ్రాం నడవలేదు. నిటారుగా ఉండాల్సిన కొటేషన్ గుర్తులను వర్డ్ తనంతట తానే వంపు గుర్తులుగా మార్చేసింది. పైథాన్‌కు అవి కొటేషన్లే కావు. చెల్లని అక్షరం అని చెప్పి ఆగిపోతుంది. టైపు చేసినవాళ్లలో కొందరికి ఇంకో చిక్కు వచ్చింది. ఫంక్షన్ మధ్యలో పేజీ తిరిగింది. తిరగేసిన పేజీలో మొదటి వరుస ఎంత లోపలికి ఉండాలో తెలియక ఎడమ అంచుకు జరిపేశారు. పైథాన్‌లో ఆ ఖాళీయే వ్యాకరణం. తప్పు పిల్లలది కాదు, నా కాగితానిది. ఆ తర్వాత మా ల్యాబ్ మాన్యువల్‌ను లేటెక్ అనే అచ్చుకూర్పు పద్ధతిలో మళ్లీ కట్టాను. కట్టిన క్రమం ఇది.

ముందుగా కోడును పత్రం లోపల పెట్టడం మానేయాలి. ప్రోగ్రాం తన ఫైల్‌లో తానుండాలి, అక్కడే నడవాలి, సరైన జవాబు ఇవ్వాలి. పత్రం ఆ ఫైల్‌ను పేరు పెట్టి పిలిచి లోపలికి తెచ్చుకోవాలి. ఇలా చేస్తే నడిచిన కోడూ అచ్చయిన కోడూ ఒక్కటే అవుతాయి. అతికించిన కోడులో తప్పు దిద్దితే అసలు ఫైల్‌లో మిగిలిపోతుంది. అసలు ఫైల్‌లో దిద్దితే అచ్చులో మిగిలిపోతుంది. ఈ ఒక్క అలవాటు చేసే మేలు ముందు రంగులు, ఫాంట్ల సంగతి చాలా చిన్నది.

తర్వాత పనిముట్టు. లేటెక్‌లో కోడుకు రంగులు వేయడానికి రెండు దారులు బాగా వాడుకలో ఉన్నాయి. ఒకటి లిస్టింగ్స్, కార్స్టెన్ హైన్జ్ 1996లో మొదలుపెట్టిన ప్యాకేజీ. కీలక పదాలను గుర్తించే పనంతా అది లేటెక్‌కు ఆధారమైన టెక్ లోపలే చేసుకుంటుంది, బయట నుంచి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. ఇంగ్లిష్ కోడుకు ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. నాకు మాత్రం సరిపోలేదు, ఎందుకంటే నా కోడులో వ్యాఖ్యలు, అంటే పైథాన్ చదవకుండా వదిలేసే కామెంట్లు, తెలుగులో ఉంటాయి. లిస్టింగ్స్ అక్షరాలను విడివిడిగా గళ్లలో సర్దే పద్ధతిలో పనిచేస్తుంది. తెలుగు అలా ఒదగదు. 'కౌంట్' అన్న మాటలో క, ఔత్వం, సున్న, ట, పొల్లు కలిసి నిలబడితేనే మాట. విడదీస్తే గుణింతం ఊడిపోతుంది, వత్తు ఒంటరిగా తేలుతుంది. నా ప్రతిలో కొన్నిచోట్ల అక్షరాల వరుస కూడా తారుమారైంది.

రెండోది మింటెడ్. కొన్రాడ్ రుడాల్ఫ్ మొదలుపెట్టగా, 2013 నుంచి జెఫ్రీ పూర్ చూస్తున్నారు. ఇది రంగుల పనిని పిగ్మెంట్స్ అనే పైథాన్ ప్రోగ్రాంకు అప్పగిస్తుంది. గేయార్గ్ బ్రాండల్ 2006లో విడుదల చేసిన పిగ్మెంట్స్ కోడు ఏ భాషలో ఉందో ఆ భాష వ్యాకరణం తెలిసినట్టు దాన్ని చదివి, ఇది కీలక పదం, ఇది అంకె, ఇది వ్యాఖ్య అని ముక్కలుగా గుర్తు పెట్టి ఇస్తుంది. వ్యాఖ్య మొత్తం ఒకే ముక్కగా వస్తుంది కాబట్టి లోపల ఉన్న తెలుగు చెక్కుచెదరదు. నా ఎంపిక అక్కడే తేలిపోయింది.

మింటెడ్‌తో ఒక జాగ్రత్త ఉంది. పత్రం తయారయ్యేటప్పుడు అది బయట మరో ప్రోగ్రాంను నడపాలి, దానికి పాత వెర్షన్లలో షెల్ ఎస్కేప్ అనే అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతితో పత్రం లోపలి నుంచి కంప్యూటర్‌లో ఏ ఆదేశమైనా నడపవచ్చు. కాబట్టి ఎవరో పంపిన పత్రాన్ని ఆ అనుమతితో ఎప్పుడూ నడపకండి. 2024లో వచ్చిన మూడో వెర్షన్ ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది. టెక్ ప్రోగ్రాంలన్నీ కలిపి ఇచ్చే టెక్ లైవ్ కొత్త విడుదలలో దాని సహాయక ప్రోగ్రాంను నమ్మదగినవాటి జాబితాలో చేర్చారు, పూర్తి అనుమతి ఇవ్వనక్కర్లేదు. ల్యాబ్ కంప్యూటర్లన్నిటికీ కొత్త టెక్ లైవ్ ఎక్కించడానికి నాకు రెండు రోజులు పట్టింది. పట్టినా మంచిదే.

ఇక ఫాంట్లు. నేను ఎక్కువ సమయం గడిపింది ఇక్కడే. కోడుకు ప్రతి అక్షరమూ ఒకే వెడల్పు ఉండే ఫాంట్ కావాలి, అలాంటి ఫాంట్లలో సాధారణంగా తెలుగు అక్షరాలు ఉండవు. లేటెక్‌లోని లువాలేటెక్ అనే రకంలో దీనికి మంచి మార్గం ఉంది. అసలు ఫాంట్‌గా సోర్స్ కోడ్ ప్రో పెట్టి, అందులో దొరకని అక్షరాలను నోటో సాన్స్ తెలుగు నుంచి తెచ్చుకొమ్మని చెప్పవచ్చు. అలా చెప్పేటప్పుడు హార్ఫ్‌బజ్ అనే పద్ధతిని ఎంచుకోవాలి. వత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చేది అదే. తెలుగు పరిమాణాన్ని కొంచెం తగ్గిస్తే పక్కనున్న ఇంగ్లిష్ అక్షరాలతో ఎత్తు కలుస్తుంది. ఎంత తగ్గించాలో ప్రింటు తీసి కంటితో చూసి తేల్చుకోవాలి.

వరుసల మధ్య ఎడం మరో సంగతి. కోడుకు మామూలుగా ఇచ్చే ఎడం ఇంగ్లిష్ అక్షరాలను చూసి పెట్టింది. తెలుగు వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలోని గుడులు పైకి లేస్తాయి. రెండూ గుద్దుకుంటాయి. ఎడాన్ని అయిదో వంతు పెంచాను, వత్తు వత్తుగా కనిపించింది. ఇంకొకటి కూడా చెప్పాలి. చాలా రంగుల శైలులు వ్యాఖ్యలను వాలు అక్షరాల్లో వేస్తాయి. తెలుగుకు వాలు అక్షరాల సంప్రదాయం లేదు. నిటారు అక్షరాన్ని బలవంతంగా వంచితే చదవడానికి కష్టం తప్ప అందం రాదు. ఆ వాలును తీసేశాను.

రంగుల దగ్గరికి వచ్చేసరికి నాకు బడిలో చదివిన ప్రతిపదార్థం గుర్తొచ్చింది. పద్యంలోని పదం లావు అక్షరాల్లో, పక్కన అర్థం మామూలు అక్షరాల్లో, తాత్పర్యం విడిగా. ఏది మూలమో ఏది వివరణో కన్ను ముందే తెలుసుకుంటుంది, బుద్ధి తర్వాత చదువుతుంది. కోడుకు రంగు వేయడమూ అంతే. 1960 నాటి ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నివేదికలోనూ రంగు లేదు, కీలక పదాలు లావు అక్షరాల్లో ఉన్నాయి. కాబట్టి ముందు లావు, ఆ తర్వాతే రంగు అనుకున్నాను.

దీనికి ఇంకో కారణం మా పిల్లల జేబు. నేను రంగుల్లో వేసేది ఒక్క ప్రతి. అది జిరాక్స్ షాపుకు వెళ్లి నలుపు తెలుపులో వంద ప్రతులవుతుంది. అక్కడ రంగు మిగలదు, దాని వెలుగు మాత్రమే మిగులుతుంది. రంగును బూడిదగా మార్చే పాత టీవీ సూత్రంలో ఎరుపుకు సుమారు 30 శాతం, ఆకుపచ్చకు 59, నీలానికి 11 శాతం వాటా. అంటే నీలం ముదురుగా నిలుస్తుంది, లేత ఆకుపచ్చ, పసుపు కాగితంలో కలిసిపోతాయి. నేను పెట్టుకున్నవి మూడే. కీలక పదాలకు ముదురు నీలం, లావు అక్షరం. కొటేషన్లలోని మాటలకు ముదురు ఇటుక రంగు. వ్యాఖ్యలకు మధ్యస్థమైన బూడిద. స్క్రీన్ మీద ఎంతో అందంగా ఉండే మోనోకాయ్ వంటి నల్ల నేపథ్యాలు కాగితానికి పనికిరావు. జిరాక్స్‌లో నల్ల మచ్చ అవుతాయి.

నేపథ్యం తెల్లగానే ఉంచి, ఎడమ పక్కన ఒక సన్నని గీత చాలు. చుట్టూ పెట్టె గీస్తే పేజీ తిరిగినప్పుడు ముక్కలవుతుంది. ఫంక్షన్ పేజీ మధ్యలో తెగకుండా ఒకే పేజీలో ఉండేట్టు చెప్పాలి. కింద కొంత ఖాళీ మిగిలితే మిగలనివ్వండి. వరుస సంఖ్యలు చిన్నగా, గీతకు బయట. 'ఏడో వరుస చూడు అబ్బయా' అని చెప్పడానికి అవి కావాలి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు ఆ సంఖ్యలు కూడా వచ్చేస్తాయి కాబట్టి, నడిచే ఫైల్‌ను పిల్లలకు విడిగా ఇస్తాను. పొడవైన వరుసను విరవమని చెబితే మింటెడ్ విరుస్తుంది, విరిచిన చోట బాణం గుర్తు పెడుతుంది. ఖాళీల దగ్గర మాత్రమే విరవమనాలి. ఎక్కడైనా విరవమంటే తెలుగు మాట నడుమకు తెగుతుంది. నేనైతే అరవై అక్షరాలు దాటకుండా కోడునే సర్ది రాస్తాను.

పైథాన్‌లో తెలుగు పేర్లతో చలరాశులు రాయవచ్చు, కొందరు ఉత్సాహంగా రాస్తారు కూడా. 'కౌంట్‌లో' వంటి మాటలో పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. పేరులో అది వస్తే పైథాన్ ఒప్పుకోదు, కాగితం మీద చూసేవారికి తప్పు ఎక్కడుందో కనిపించదు. అందుకే నా మాన్యువల్‌లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, వ్యాఖ్యలు, తెర మీద వచ్చే మాటలు తెలుగులో ఉంటాయి.

ప్రతి పాఠం అచ్చుకు ఇచ్చేముందు ఒక పరీక్ష పెడతాను. ప్రింటును జిరాక్స్ తీయిస్తాను, ఆ జిరాక్స్‌ను మళ్లీ జిరాక్స్ తీయిస్తాను. ఆ రెండో ప్రతిని, ఆ పాఠం ఎప్పుడూ చూడని పిల్లాడికిచ్చి టైపు చేయమంటాను. మొన్న మేత లెక్కను ఇస్కపల్లి అబ్బాయి టైపు చేశాడు. నాలుగో వరుస దగ్గర ఆగి, 'సార్, ఈ బూడిద అక్షరాలు టైపు చేయకపోయినా నడుస్తది గదా' అని అడిగాడు. వ్యాఖ్యలని అతనికి ఎవరూ చెప్పలేదు. మిగతాది పూర్తి చేసి నడిపాడు. తెర మీద రోజు మేత 28.0 అని వచ్చింది.